గగనవిహారి సాంటోస్ డ్యూమాంట్

విమానయానాన్ని గూర్చి ముచ్చటించుకునేటప్పుడు సాధారణంగా మనకు స్ఫురించేది రైట్ సోదరుల నామధేయం. 1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీహాక్ ఇసుక తిన్నెలపై వారు సాధించిన విజయం చరిత్రాత్మకమైనది. అయితే ఆ దినాలలోనే పారిస్ నగరంలో మరొక సాహసి ఆకాశయానాన్ని వేరొక దృష్టితో చూశాడు. గాలిలో తేలే వాహనం గుర్రపు బండి వలె మనిషి ఇంటి ముంగిట ఆగాలని అతని ఆకాంక్ష. నేడు ఎయిర్ టాక్సీ పేరుతో లోకం ఎదురుచూస్తున్న సౌకర్యాన్ని నూట ఇరవై యేండ్లకు పూర్వమే తన మట్టుకు తాను అనుభవించి చూపిన ఆ వ్యక్తి బ్రెజిల్ దేశీయుడైన ఆల్బెర్టో సాంటోస్ డ్యూమాంట్.

అతడు 1873 జూలై 20న మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి హెన్రిక్ డ్యూమాంట్ ఇంజనీరు. కాఫీ తోటల వలన అపార సంపద గడించినవాడు. తోటలో కాఫీ గింజలను శుభ్రపరచే యంత్రాలు, సరుకు మోసే చిన్న రైళ్ళు బాలుని తొలి గురువులు. పన్నెండేండ్ల ప్రాయంలోనే అతడు ఆవిరి రైలింజను నడిపాడు. జూల్స్ వెర్న్ నవలలు అతని మనస్సును ఆకాశం వైపు మళ్ళించాయి. బండి నుండి పడి పక్షవాతానికి గురియైన తండ్రి తోటను విక్రయించి, 1892లో పద్దెనిమిదేండ్ల కుమారునికి ఆస్తిలో వాటా ఇచ్చి స్వతంత్రుని చేశాడు. జీవనోపాధి కొరకు చింతింపనక్కరలేదనీ, పారిస్ వెళ్ళి భౌతిక, రసాయన, యంత్ర, విద్యుత్ శాస్త్రాలను అభ్యసించమనీ హితవు పలికాడు.

ఆనాటి బెలూన్లు గాలి ఎటు వీస్తే అటు కొట్టుకొనిపోయేవి. వాటికి దిశానిర్దేశం చేయడమే శాస్త్రజ్ఞుల ముందున్న సమస్య. సాంటోస్ డ్యూమాంట్ పెట్రోలు ఇంజనుతో నడిచే మూడు చక్రాల బండిని చెట్టుకొమ్మకు త్రాళ్ళతో వ్రేలాడదీసి, నేలపై కంటె గాలిలో దాని అదురు తక్కువగా ఉండడం గమనించాడు. అటువంటి ఇంజనునే పొడవైన హైడ్రోజన్ సంచి క్రింద అమర్చి 1898లో తన మొదటి వాయునౌకను ఎగురవేశాడు. నిప్పు తగిలితే భగ్గుమనే వాయువు క్రింద ఇంజను నడపడం ప్రాణాలతో చెలగాటమే. అయినను అతడు వెనుదీయలేదు.

సెయింట్ క్లౌడ్ నుండి బయలుదేరి ఈఫెల్ గోపురాన్ని చుట్టి, ముప్పది నిమిషాలలో తిరిగి చేరిన వారికి లక్ష ఫ్రాంకుల బహుమతి ఇస్తానని డాయిచ్ డి లా మ్యూర్త్ అనే సంపన్నుడు ప్రకటించాడు. 1901 ఆగస్టు 8న చేసిన ప్రయత్నంలో వాయునౌక ఒక భవనంపై కూలి, సాంటోస్ డ్యూమాంట్ గోడ ప్రక్కన వ్రేలాడుతూ మిగిలాడు. అగ్నిమాపక దళం వారు అతనిని రక్షించారు. మరునాటికే అతడు కొత్త నౌక నిర్మాణం చేపట్టాడు. అక్టోబరు 19న ఆరవ నౌకతో గోపురాన్ని చుట్టి వచ్చాడు. గడువు లోపుగానే గమ్యాన్ని దాటినప్పటికీ నేలపై దిగడంలో కొంత ఆలస్యమయిందని నిర్ణేతలు సందేహించారు. ప్రజాభిప్రాయం అతని పక్షాన నిలిచింది. బహుమతి అతనికే దక్కింది. ఆ ధనంలో తనకై ఏమియు ఉంచుకొనక, తన పనివారికీ పారిస్ పేదలకూ పంచిపెట్టాడు. తాకట్టులో ఉన్న కార్మికుల పనిముట్లు విడిపించడానికి ఆ సొమ్ము వినియోగపడింది.

1903లో నిర్మించిన తొమ్మిదవ నౌక మిక్కిలి చిన్నది. దానిలో పారిస్ వీథులపై విహరిస్తూ, షాంజెలిజే వీథిలోని తన నివాసం ముందు దిగి, కాఫీ సేవించి, మరల ఎగిరి వెళ్ళేవాడు. ఆ నౌకను నడపడం ఐడా డి అకోస్టా అనే యువతికి నేర్పగా, ఆమె ఆ సంవత్సరమే ఒంటరిగా ఆకాశయానం చేసింది.

తదుపరి అతని దృష్టి గాలి కంటె బరువైన యంత్రాలపైకి మళ్ళింది. 1906 అక్టోబరు 23న బగతెల్ మైదానంలో అతని విమానం జనసమూహం ఎదుట తన చక్రాలపైననే పరుగెత్తి సుమారు 60 మీటర్లు ఎగిరింది. నవంబరు 12న 21.5 సెకన్లలో 220 మీటర్లు పయనించింది. అంతర్జాతీయ విమాన సమాఖ్య గుర్తించిన తొలి విమాన రికార్డు అదియే. ఇందువలన రైట్ సోదరుల కీర్తికి లోపం లేదు. కాని వారు పేటెంటు హక్కులకై న్యాయస్థానాలను ఆశ్రయించగా, ఇతడు భిన్నమైన మార్గం త్రొక్కాడు. వెదురు, పట్టు వస్త్రాలతో నిర్మించిన అతని డెమోయిజెల్ విమానం బరువు సుమారు 110 కిలోలు మాత్రమే. దానికి పేటెంటు పొందక, దాని నమూనా చిత్రాలను ఎవరైనా ఉచితంగా ఉపయోగించుకొనవచ్చునని లోకానికి వదలివేశాడు.

1910లో అనారోగ్యం అతనిని విమానాలకు దూరం చేసింది. నాలుగేండ్లకు ప్రపంచయుద్ధం వచ్చింది. విమానాలు నగరాలపై బాంబులు కురిపించాయి. ఒకప్పుడు, 1903లో, ఫ్రాన్సు రక్షణకు తన వాయునౌకలను సమర్పింప సిద్ధపడినవాడు అతడే. ఆ వాహనం తెచ్చిన మారణహోమాన్ని కళ్ళార చూసిన తరువాత అతని హృదయం తల్లడిల్లింది. విమానాన్ని యుద్ధాయుధంగా వాడరాదని 1926లో నానాజాతి సమితికి విజ్ఞప్తి చేశాడు. ఆ విజ్ఞప్తి ఫలించలేదు.

1928 డిసెంబరులో అతడు స్వదేశం చేరుతుండగా, స్వాగతం పలుకుటకై రియో రేవుపై ఎగిరిన సముద్రవిమానం కూలి అందులోని వారందరూ మరణించారు. తన రాకయే ఆ మరణాలకు కారణమని అతడు కుమిలిపోయాడు. 1932లో బ్రెజిల్ అంతర్యుద్ధంలో విమానాలు స్వదేశీయుల పైననే దాడి చేశాయి. దీర్ఘవ్యాధితో, మనోవ్యథతో కృశించిన ఆ మహనీయుడు జూలై 23న గ్వారుజా పట్టణంలో స్వయంగా తన జీవితాన్ని ముగించుకున్నాడు. రియో నగరంలోని ఒక విమానాశ్రయం నేటికీ అతని పేరును ధరించి ఉన్నది.

ఇప్పుడు విద్యుత్తుతో నడుస్తూ, అనేక చిన్న పంకాల సాయంతో నిలువుగా లేచే విమానాలను పలు దేశాలు పరీక్షిస్తున్నాయి. 2024 ఒలింపిక్ క్రీడల వేళ పారిస్‌లోనే ఎయిర్ టాక్సీలను నడపాలని సంకల్పించారు. కాని ప్రయాణికులను చేరవేయడానికి అవసరమైన ధ్రువీకరణ సకాలంలో లభించలేదు. ఒకే బరువుకు పెట్రోలు ఇచ్చేంత శక్తిని బ్యాటరీలు ఇవ్వలేకపోవడం, నగరంలో దిగడానికి చోటు, రొద, రుసుము మొదలగు చిక్కులు ఇంకను మిగిలి ఉన్నాయి. వాటిని శాస్త్రజ్ఞులు పరిష్కరింపగలరు. ఆ వాహనం ధనికుల విలాసం కావాలో, ప్రాణాపాయంలో ఉన్న రోగిని వైద్యుని చెంతకు చేర్చే సాధనం కావాలో, లేక మరొక ఆయుధం కావాలో నిర్ణయించే భారం మాత్రం శాస్త్రజ్ఞులది ఒక్కరిదే కాదు.

విద్యార్థి మిత్రులారా! మనలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చు, మరికొందరు పాలకులో న్యాయవాదులో ఉపాధ్యాయులో కావచ్చు. ఒక యంత్రాన్ని నిర్మించేటప్పుడు గాని, దానికి అనుమతి ఇచ్చేటప్పుడు గాని, అది ఎవరికి ఉపకరిస్తుందని ముందుగా ప్రశ్నించుకోవాలి. సాంటోస్ డ్యూమాంట్ ఆ ప్రశ్నను తన ధనంతోనూ, తన విద్యతోనూ ఎదుర్కొన్నాడు. లోకం దానికి సకాలంలో సమాధానం చెప్పలేదు. ఆ సమాధానం చెప్పవలసిన తరం మనదే.