కావేరీతీరమున తెలుగు గృహము

ప్రతి సంవత్సరమును పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో కావేరి యొడ్డున వందలకొలది గాయకులు వరుసలు దీరి కూర్చుండి ఘనరాగ పంచరత్నములను ఏకకంఠమున పాడుదురు. ఆ యైదింటిలో నొకటి సంస్కృతము, నాలుగు తెలుగు. పాడువారిలో ననేకులకు తెలుగు మాతృభాష కాదు. వినువారిలో ననేకులకు తెలుగు రాదు. అయినను ఉత్సవము సాగుచునే యున్నది. విజయవాడలోను త్యాగరాజారాధనములు జరుగుచునే యున్నవి. మన సభలలో నా మహనీయుని భక్తుడుగను నాదయోగిగను కొనియాడుట పరిపాటి. అది యుచితమే. కాని త్యాగరాజస్వామి దక్షిణమునకు వలసపోయిన తెలుగు కుటుంబమున జన్మించి, పరభాషాసమాజము నడుమనే తన జీవితమంతయు గడపెనను సంగతిని మనము తగినంతగా తలపోయుట లేదు. నేడు మేమాయన చరిత్రము నీ దృష్టితో బరిశీలింప దలచితిమి.

1565 సంవత్సరమున రక్కసి తంగడి యుద్ధముతో విజయనగర ప్రాభవము సడలెను. అంతకు పూర్వమే తంజావూరులో స్థిరపడిన నాయకరాజులు 1673 వరకు నచట పాలించిరి. పండితులు, నటులు, గాయకులు, సేనానులు, కర్షకులు వారి నీడకు జేరిరి. అచ్యుతప్ప నాయకుడు మేలట్టూరున తెలుగు బ్రాహ్మణ కుటుంబములకు భూములొసగి నిలిపెననియు, అచటి భాగవతమేళ నాటకములకు మూలమదియేననియు ప్రసిద్ధి. ఆ నాటకములు నేటికిని తెలుగుననే ప్రదర్శింపబడుచున్నవి. మన కృష్ణా డెల్టాలోని మువ్వ గోపాలుని ముద్రగా గల క్షేత్రయ్య పదములు కూడ నా దక్షిణదేశముననే యాదరము బొందినవి. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును తెలుగును విడువలేదు. శాహజీ మహారాజు స్వయముగ తెలుగున నాటకములు రచించెను.

ఇట్టి స్థితి మనకొక్కరికే కలిగినది కాదు. 1724లో జార్జియా రాజగు ఆరవ వఖ్తాంగు వేయిమందికి బైబడిన పరివారముతో రష్యాకు వలసపోయెను. మాస్కో నగరమున జార్జియనుల పేట యొకటి వెలసెను. ఆయన కుమారుడగు బకారు 1743లో నచటనే జార్జియను భాషలో బైబిలును అచ్చొత్తించెను. ఆ వలసవారిలో దావీదు గురామిష్విలి యను కవి యొకడు. ఆయన రష్యా సైన్యమున కొలువు చేసి, వార్ధక్యమున ఉక్రెయినులోని మీర్గొరొదులో తన మడిచెక్క సాగుచేసికొనుచు, జార్జియనుననే తన కావ్యమును ముగించి 1792లో గన్ను మూసెను. ఏలినవారి భాష వేరు, వీధిలోని భాష వేరు, ఇంటిలోని భాష వేరు అయినపుడు కవి యే భాషను వరించునను ప్రశ్న ఆయనకు గలిగినట్లే ఆయనకు సమకాలికుడగు మన త్యాగయ్యకును గలిగెను.

త్యాగరాజు 1767 మే 4వ తేదీని తిరువారూరులో జన్మించెను. తండ్రి కాకర్ల రామబ్రహ్మము, తల్లి సీతమ్మ. వీరి యింటిపేరునకు మూలమగు కాకర్ల గ్రామము కంభము ప్రాంతమున నున్నది. పూర్వులు విడిచివచ్చిన గ్రామమును ఇంటిపేరుగా మోయుట వలస కుటుంబముల లక్షణము. తిరువారూరు స్వామి పేరు బిడ్డకు బెట్టిరి. అనగా పేరు తమిళదేశపు శివునిది, ఇంటిపేరు తెలుగు గ్రామముది, ఉపాసన శ్రీరామునిది. చిన్నతనముననే కుటుంబము తిరువయ్యారు జేరెను. ఇంట తెలుగు, వీధిలో తమిళము, కోటలో మరాఠీ, పాఠశాలలో సంస్కృతము: ఈ నాలుగింటి నడుమ నా బాలుడు పెరిగెను. సంగీతమున ఆస్థాన విద్వాంసుడగు శొంఠి వేంకటరమణయ్య గురువయ్యెను. ఆ గురువు సిఫారసుతో నాస్థానప్రవేశము సులభసాధ్యమే.

ఆయన యా ద్వారమున బ్రవేశింపలేదు. శరభోజి మహారాజు పంపిన కానుకలను తిరస్కరించెననియు, ఆ సందర్భముననే కల్యాణి రాగమున ధనముకంటె దైవసన్నిధియే సుఖమను భావముగల కీర్తన వెలువడెననియు సంప్రదాయము చెప్పుచున్నది. దానికి గోపించిన యన్న పూజావిగ్రహములను కావేరిలో బడవైచెనను కథయు లోకవిదితమే. ఈ కథలను భక్తికి నిదర్శనములుగా మాత్రమే మనము చెప్పుకొనుచున్నాము. వీనికి రాజకీయార్థమును గలదు. 1799లో శరభోజి తన రాజ్యాధికారమును కుంపిణీ కప్పగించి కోటకును, కుంపిణీ యిచ్చు భరణమునకును పరిమితుడయ్యెను. ఆ ప్రభువు విద్యాప్రియుడు. సరస్వతీ మహలు గ్రంథాలయము నాయన పెంపొందించిన తీరు శ్లాఘనీయము. అయినను ఆ కొలువు పరాధీనమైన కొలువు. దాని నాశ్రయించినవారు పరాశ్రితుని యాశ్రితులైరి. త్యాగయ్య ఉంఛవృత్తి నవలంబించి, వీధులలో రామనామము పాడుచు దొరికిన బియ్యముతో శిష్యులకును తనకును గడుపుకొనెను.

దీని ఫలితము ఆయన యనంతరము స్పష్టమయ్యెను. 1855లో తంజావూరు సంస్థానము అంతరించెను. కొలువు పోయిన పిమ్మట దాని నాశ్రయించిన తెలుగు కవిత్వములో విశేషభాగము తాటాకులలో నిదురించెను. త్యాగయ్య తెలుగు కోటను నమ్ముకొనలేదు గనుక కోటతో బాటు కూలలేదు. అది శిష్యుల కంఠములలో నుండెను. సుమారు ఏడువందల కీర్తనములు మనకు దక్కినవి. ప్రహ్లాదభక్తివిజయము, నౌకాచరిత్రము అను రెండు గేయనాటకములు నిలిచినవి. ఆ కీర్తనములలోని భాష ప్రబంధభాష కాదు. తల్లి బిడ్డతోను, భార్య భర్తతోను మాటలాడు తెలుగు. అలుక, దెప్పు, బుజ్జగింపు, నిష్ఠూరము గల తెలుగు. తరతరములుగా స్వదేశమునకు దూరమైన కుటుంబము ఇంటిలో గాపాడుకొన్న పలుకుబళ్లవి. వానిని గ్రామ్యములని వ్యాకర్తలు తప్పుపట్టవచ్చును. అవి లేనిదే కీర్తనము లేదు.

ఆయన శిష్యపరంపర నొకసారి చూడుడు. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. వారును వలసవచ్చిన జాతివారే. వారి కుటుంబము వ్రాసి దాచిన ప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు జేరి, నేటికిని కీర్తనముల పాఠనిర్ణయమునకు నాధారములగుచున్నవి. తిల్లైస్థానము రామయ్యంగారు, ఉమయాల్పురము సోదరులు తమిళులు. మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు తెలుగువారు. ఈయనవద్ద సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు విద్య నభ్యసించి పెదకళ్లేపల్లి చేరిరి. వారివలన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, పంతులుగారివలన విజయవాడలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఆ విద్యను బడసిరి. కృష్ణాతీరమునుండి క్షేత్రయ్య పదములతో దక్షిణమునకు బోయిన ఋణము కావేరీతీరమునుండి త్యాగరాజ కీర్తనములతో నిట్లు తీరినది.

త్యాగయ్య చరమదశయందు సన్న్యాసము స్వీకరించి 1847 జనవరి 6వ తేదీని సిద్ధిబొందెను. కావేరి యొడ్డున నిర్మించిన సమాధి కాలక్రమమున శిథిలమయ్యెను. 1920 తరువాతి యేండ్లలో దానికి ఆలయము గట్టించినది ఏ తెలుగు జమీందారుడును గాదు, బెంగుళూరు నాగరత్నమ్మ. కన్నడదేశమున బుట్టిన యా దేవదాసి, ముద్దుపళని రాధికాసాంత్వనమును ప్రకటించి పండితుల యాగ్రహమునకును ప్రభుత్వ నిషేధమునకును గురియైన ధీరురాలు. ఆరాధనలో స్త్రీలు పాడుటకు హక్కులేని రోజులలో తన సొత్తంతయు ధారవోసి యామె యా పని సాధించెను.

ఇందు మనము నేర్వవలసిన దేమి? తమిళదేశము త్యాగయ్యకు అన్నము పెట్టినది, శిష్యుల నిచ్చినది, సమాధికి స్థలమిచ్చినది. తిరువారూరుననే పుట్టిన శ్యామశాస్త్రి తమిళుడయ్యును విశేషముగ తెలుగుననే కీర్తనములు రచించెను. 1940 ప్రాంతమున తమిళ గాయకసభలలో తమిళ కీర్తనములకు తగినంత తావులేదని యచటి ప్రముఖులు ఉద్యమము సాగించి 1943లో మద్రాసున తమిళ ఇసై సంఘమును స్థాపించినపుడు కొందరు తెలుగువారు నొచ్చుకొనిరి. తన గడ్డపై తన భాష వినవలెనని కోరుట నేరమని మేమనజాలము. మద్రాసు రాష్ట్రమున మన భాషకు దగిన స్థానము లేదని దశాబ్దములు పోరాడి 1953లో ఆంధ్రరాష్ట్రమును సాధించుకొన్న మనము ఆ కోరికను ఆక్షేపించుట యసంగతము.

అయితే ఆ న్యాయమే రెండవవైపునను వర్తింపవలెను. 2006లో తమిళనాడు తమిళమును పాఠశాలలలో నిర్బంధభాషగా శాసించినది. తమిళమును నేర్చుట యచటి తెలుగు బిడ్డలకు మేలే. త్యాగయ్యకును తమిళము వచ్చును. కాని తెలుగు నేర్చు వీలు దానివలన సన్నగిల్లరాదు. ఇంట తెలుగు మాటాడి తెలుగు అక్షర మెరుగని తరము పెరిగినచో కీర్తనము కంఠమున నుండును, అర్థము గుండెకు జేరదు. ఈ మాట చెప్పుటకు మనకు హక్కు గలుగవలెనన్న, మన పట్టణములలో నివసించు తమిళ, ఉర్దూ, ఒడియా, గుజరాతీ కుటుంబముల బిడ్డలకు వారి భాష నేర్చు నవకాశము మన పాఠశాలలు కల్పించుచున్నవో లేదో మనమే పరీక్షించుకొనవలెను.

మన సంగీతసభలకు మేమొక విన్నపము చేయుచున్నాము. ఆరాధన దినమున పంచరత్నములు పాడుటతో దృప్తి చెందక, నిర్దుష్టమైన పాఠములను అర్థతాత్పర్యములతో నచ్చొత్తించి, కావేరీతీరమున బాడు తమిళ యువకులకు వెల లేకుండ బంపుడు. ఉచ్చారణ నేర్పు నుపాధ్యాయులను బంపుడు. మన భాషను రెండువందల యేండ్లు మోసిన కంఠములకు దాని యర్థమును చేర్చుట మన వంతు. ఉత్సవములు సంవత్సరమున కొకదినము. ఈ పని తక్కిన దినములది.