మూడేళ్లలో మూడు పట్టాలు: ఆకాశహర్మ్యాల ఇంజినీర్ ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్

హజ్‌కు వెళ్లి జిద్దాలో దిగిన మనవాళ్లలో చాలామందికి హజ్ టెర్మినల్ మీది తెల్లటి గుడారాలు గుర్తుండే ఉంటాయి. ఆ నీడలో సేదదీరినవాళ్లు ఎందరో. దాని వెనకున్న ఇంజినీర్ పేరు తెలిసినవాళ్లు మాత్రం తక్కువే. ఆయనే ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్.

1929 ఏప్రిల్ 3న ఢాకాలో పుట్టారు. తండ్రి లెక్కల మాస్టారు. కలకత్తా దగ్గర శిబ్‌పూర్ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతుండగా 1950లో అల్లర్లు చెలరేగాయి. చదువు మధ్యలో వదిలేసి ఢాకాకు తిరిగొచ్చారు, డిగ్రీ అక్కడే పూర్తి చేశారు. 1952లో ఫుల్‌బ్రైట్, పాకిస్తాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు అందుకుని అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో చేరారు.

ఉద్యోగానికి ఒక్క మాస్టర్స్ డిగ్రీ సరిపోయేది. ఖాన్ అలా ఆలోచించలేదు. స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌తో పాటు మెకానిక్స్‌లోనూ మాస్టర్స్ చేశారు. మొదటిది బిల్డింగ్ ఎలా నిలబెట్టాలో నేర్పే చదువు. రెండోది బరువు పడితే, గాలి తోస్తే వస్తువు ఎందుకు వంగుతుందో చెప్పే చదువు. ఆపైన పీహెచ్‌డీ. అంతా మూడేళ్లలోనే!

1955లో షికాగోలోని ఎస్‌ఓఎం కంపెనీలో చేరారు. మధ్యలో కరాచీ వెళ్లి పనిచేసి, 1960లో మళ్లీ అక్కడికే వచ్చారు. బిల్డింగ్ ఎత్తు పెరిగేకొద్దీ అసలు శత్రువు గాలి. లోపల స్తంభాలు పెంచుకుంటూ పోతే ఉక్కు ఖర్చు తడిసి మోపెడవుతుంది. బయటి గోడలనే ఒక గొట్టంలా కలిపి బిగిస్తే గాలిని అవే తట్టుకుంటాయన్నది ఖాన్ ఆలోచన.

ఉద్యోగం చేస్తూనే ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆర్కిటెక్చర్ పీజీ విద్యార్థులకు పాఠాలు చెప్పారు. అక్కడ మికియో ససాకి అనే విద్యార్థి థీసిస్‌కు, ఆర్కిటెక్ట్ మైరన్ గోల్డ్‌స్మిత్‌తో కలిసి ఖాన్ గైడ్‌గా ఉన్నారు. గోడల మీద పెద్ద పెద్ద ఏటవాలు దూలాలు వేసి ఎత్తైన బిల్డింగ్‌ను నిలబెట్టడం దాని విషయం. కొన్నేళ్లకే అదే పద్ధతిలో 100 అంతస్తుల జాన్ హాంకాక్ సెంటర్ లేచింది. క్లాసులో విద్యార్థితో చేసిన కసరత్తు షికాగో నడిబొడ్డున నిలబడిందన్నమాట. తర్వాత తొమ్మిది గొట్టాలను కట్టగా కట్టినట్టు 110 అంతస్తుల సియర్స్ టవర్ వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా ప్రపంచంలో అదే ఎత్తైన బిల్డింగ్.

ఇంత పేరొచ్చినా సొంత మట్టిని మరవలేదు. 1971 యుద్ధంలో బెంగాలీల కోసం షికాగోలో సాయం కూడగట్టారు.

ఉక్కుతో ఆకాశాన్ని అందుకున్న మనిషి, హాజీల కోసం మాత్రం బట్టలాంటి ఫైబర్‌గ్లాస్‌తో 210 గుడారాలు పరిచారు. వేడిగాలి పైకి పోతుంది, కింద నీడ చల్లగా ఉంటుంది. 1982 మార్చి 27న అదే జిద్దాలో, 52 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ టెర్మినల్‌కు ఆగాఖాన్ అవార్డు దక్కింది.

ఏ కోర్సు తీసుకుంటే త్వరగా జాబ్ వస్తుందని మన పిల్లలు అడుగుతుంటారు. తప్పేం లేదు. దాంతోపాటు, మన పని వెనకున్న అసలు కిటుకు ఏ క్లాసులో దొరుకుతుందో కూడా వెతకాలి. ఖాన్ జీవితం చెప్పేది ఇదే.