పురుషోత్తమ చౌదరి: మన రైలు దారిలోని కవి

మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి కాసేపు తడుముకుంటాం. పుట్టింది ఒక ఊళ్లో, అక్షరాభ్యాసం ఇంకో ఊళ్లో, ఇప్పుడు చదువు ఖరగ్‌పూర్‌లో. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, ఇంగ్లీషు. నాన్నగారికి మళ్లీ బదిలీ అయితే ఇంకో భాష. మరి మనం ఎవరం? ఇలాగే రెండు మూడు భాషల నడుమ పెరిగి, తానెవరో తెలుసుకున్న ఒక తెలుగు కవి ఉన్నారు. ఆయనే పురుషోత్తమ చౌదరి.

ఆయన 1803 సెప్టెంబరు 5న, నాటి గంజాం జిల్లాలో, తర్లా జమీందారీలోని మదనపురంలో పుట్టారు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. వారిది బెంగాల్ నుంచి వచ్చిన బ్రాహ్మణ కుటుంబం. చుట్టుపక్కల ఒడియా, తెలుగు రెండూ మాట్లాడేవారు. బెంగాల్ మూలాలున్న ఇంటి బిడ్డ తెలుగు కవి అయ్యారు.

పుట్టుకతో వచ్చిన గౌరవం ఉన్నా ఆయన మనసుకు నెమ్మది లేదు. ముక్తి ఎలా దొరుకుతుందన్నదే ఆయన ప్రశ్న. అప్పటికి కొత్త నిబంధన తెలుగులో అచ్చయి చాలా ఏళ్లు కాలేదు. అది వెలువడింది 1818లో. తెలుగులో వచ్చిన క్రైస్తవ పుస్తకాలు ఆయనను ఆలోచింపజేశాయి. విశాఖపట్నం వెళ్లి అక్కడి మిషనరీలను కలిశారు. తరువాత కటకం చేరి, 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు.

ఆ రోజుల్లో ఇది చిన్న మాట కాదు. మతం మారినవారికి కులంలో చోటు ఉండేది కాదు. సొంతవాళ్లే పంక్తిలో కూర్చోనిచ్చేవారు కాదు. పుట్టుక ఇచ్చిన పేరు, మర్యాద పోయినా ఫరవాలేదనుకున్నారు ఆయన. దేవుని ముందు తాను ఒక బిడ్డనన్నదే ఆయనకు అసలైన గుర్తింపు అయింది. అందుకే మనుషులను కులంతో కొలవడాన్ని ప్రశ్నిస్తూ కులాచార పరీక్ష అనే పుస్తకం కూడా రాశారు.

అయితే ఆయన అన్నీ వదిలేయలేదు. ఇదే మనం గమనించవలసిన సంగతి. కొత్త విశ్వాసం కోసం ఆయన పరాయి బాణీలు వెతుక్కోలేదు. తెలుగువారికి తెలిసిన రాగాల్లో, తాళాల్లో క్రీస్తును కీర్తించారు. నూరుకు పైగా కీర్తనలు రాశారు. తెలుగు చర్చిల్లో పాడుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన పాటలు ఎన్నో ఉన్నాయి. పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. శ్రీకాకుళం, బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో బోధకుడిగా తిరిగి, 1890 ఆగస్టు 23న ఆయన కన్నుమూశారు.

సెలవులకు ఖరగ్‌పూర్‌లో రైలెక్కి విశాఖపట్నం వైపు వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూద్దాం. మొదట కటకం వస్తుంది, తరువాత బరంపురం, ఆ తరువాత శ్రీకాకుళం రోడ్డు. ఇవన్నీ ఆయన నడయాడిన చోట్లే. ఆయన బతికి ఉండగా ఈ తీరం వెంట రైళ్లు లేవు. అంత దూరమూ నడిచో, బండ్ల మీదో తిరగవలసిందే.

తాతల ఊరు ఒకటి, పుట్టిన ఊరు ఒకటి, పని చేసిన ఊళ్లు ఎన్నో. అయినా తానెవరన్న ప్రశ్నకు ఆయన తడుముకోలేదు. ఆయనకు ఆ జవాబు క్రీస్తు మీది విశ్వాసంలో దొరికింది. మనలో ఒక్కొక్కరికి అది ఒక్కో దారిలో దొరకవచ్చు. కానీ బదిలీ ఉత్తర్వు మార్చలేనిది ఒకటి మనిషి లోపల ఉంటుందని, దాన్ని వెతుక్కుంటూ వెళ్లేటప్పుడు అమ్మ నేర్పిన భాషను వదులుకోనక్కరలేదని ఆయన జీవితం మనకు చెబుతోంది.