మెండలీవ్ తూచిన మద్యసారం

వోడ్కా అనే రష్యన్ మద్యం సీసాలపై 40 అనే అంకె తరచుగా కనిపిస్తుంది. నూరు పాళ్ల ద్రవంలో నలభై పాళ్లు మద్యసారం, తక్కినది నీరు అని దాని అర్థం. ఈ వోడ్కాకు అల్లపు బీరును, నిమ్మరసాన్ని చేర్చి, మంచుముక్కలతో రాగి పాత్రలో ఇచ్చే పానీయం ఒకటి 1940 ప్రాంతంలో అమెరికాలో వెలసింది. అల్లపు బీరు అని పేరేగాని, నేడు అమ్మే ఆ సరుకులో సాధారణంగా మద్యం లెక్కకు వచ్చేటంత ఉండదు. మాస్కో నగరంతో సంబంధమేమీ లేకపోయినా ఆ పానీయానికి మాస్కో మ్యూల్, అనగా మాస్కో కంచరగాడిద, అని పేరు పెట్టారు. ఇళ్లలో సైతం కలుపుకొనేటంతగా అది ప్రచారం పొందింది. ఒక పాలు వోడ్కాకు మూడు పాళ్లు అల్లపు బీరు పోస్తే, నలభై అనే అంకె పదికి దిగిపోతుంది.

ఆ నలభైని మొట్టమొదట నిర్ణయించినవాడు మూలకాల ఆవర్తన నియమాన్ని కనుగొన్న దిమిత్రీ మెండలీవేనని ఒక కథ లోకంలో స్థిరపడిపోయింది. వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని అది నిజం కాదు. రష్యా ప్రభుత్వం ఆ ప్రమాణాన్ని 1843లోనే ఏర్పాటు చేసింది. అప్పటికి మెండలీవ్ సైబీరియాలో తొమ్మిదేండ్ల బాలుడు. అయితే మద్యసారాన్ని నీటితో కలిపి, ఆ మిశ్రమాన్ని పదే పదే తూచి, అందులో ప్రకృతి రహస్యమేదో దాగి ఉన్నదని జీవితంలో అనేక సంవత్సరాలు వెదికినవాడు మాత్రం ఆయనే.

సైబీరియాలోని టొబోల్స్క్ పట్టణంలో 1834వ సంవత్సరం ఫిబ్రవరి 8వ తేదీన మెండలీవ్ జన్మించాడు. పెద్ద కుటుంబంలో కడగొట్టు బిడ్డ. తండ్రి ఇవాన్ ఉన్నత పాఠశాలకు అధిపతి. ఈ బిడ్డ పుట్టిన సంవత్సరమే ఆయనకు చూపు పోయింది, ఉద్యోగమూ పోయింది. మిగిలినది స్వల్పమైన పింఛను. అప్పుడు తల్లి మేరియా సంసారభారాన్ని తలకెత్తుకొన్నది. ఆమె పుట్టినింటివారికి సమీప గ్రామంలో ఒక గాజు కార్ఖానా ఉండేది. సోదరుని అనుమతితో ఆమె దాని నిర్వహణ చేపట్టి, మూతపడినదానిని మళ్లీ నడిపించింది. ఇసుక, క్షారము, నిప్పు కలిసి గాజు కావడాన్ని బాలుడు కండ్లారా చూచాడు. కొలత తప్పితే గాజు చెడిపోతుందని తెలుసుకొనడానికి అంతకంటె మంచి బడి వేరే అక్కరలేదు.

1847లో తండ్రి మరణించాడు. మరుసటి సంవత్సరం కార్ఖానా అగ్నికి ఆహుతి అయింది. ఆ స్థితిలో మరొక తల్లి అయితే కొడుకును ఊళ్లోనే ఏదో గుమాస్తా పనిలో చేర్చి ఉండేది. మేరియా ఆ పని చేయలేదు. చేతనున్న కొద్దిపాటి ధనంతో, 1849లో పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని, ఉరాల్ పర్వతాలు దాటి సుదీర్ఘ ప్రయాణం చేసి మాస్కో చేరింది. సైబీరియా విద్యార్థులను చేర్చుకొనే నియమం లేదని మాస్కో విశ్వవిద్యాలయం తిరస్కరించింది. ఆమె అక్కడినుంచి సెంట్ పీటర్స్‌బర్గుకు వెళ్లింది. తండ్రి చదివిన ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయంలోనే 1850లో కుమారునికి ప్రభుత్వ ఖర్చుపై చోటు దొరికింది. కొద్ది వారాలకే ఆ తల్లి కన్నుమూసింది. బాలుని ప్రాయం అప్పటికి పదహారు.

ఆ విద్యాలయం ఉన్నత పాఠశాలలకు ఉపాధ్యాయులను తయారు చేసేది. మెండలీవ్ 1855లో బంగారు పతకంతో ఉత్తీర్ణుడై, ఆరోగ్యం కోసం దక్షిణాదికి వెళ్లి, సింఫెరోపోల్‌లోను, పిమ్మట ఒడెస్సాలోను బడిపంతులుగా పనిచేశాడు. తర్వాత రాజధానికి తిరిగి వచ్చి, 1859లో ప్రభుత్వం పంపగా జర్మనీలోని హైడెల్బర్గు వెళ్లాడు. అక్కడ తన బసలోనే చిన్న ప్రయోగశాల అమర్చుకొని ద్రవాల స్వభావాన్ని పరిశీలించాడు. 1860లో కార్ల్స్‌రూహే నగరంలో జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల మహాసభకు హాజరయ్యాడు. పరమాణు భారాలను సరిగా నిర్ణయించవలసిన అవసరం ఆ సభలో ఆయన మనస్సుకు గాఢంగా హత్తుకొన్నది.

ఇక మద్యసారం సంగతి. రష్యాలో మద్యంపై పన్ను వసూలును అంతవరకు గుత్తదారులు చేసేవారు. 1863లో ఆ పద్ధతి రద్దయి, సరుకులో మద్యసారం ఎంత ఉన్నదో చూచి సుంకం విధించే పద్ధతి వచ్చింది. కొలత ఖచ్చితంగా లేకపోతే ఖజానాకో, వర్తకునికో నష్టం తప్పదు. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలలో ఈ కొలతలు అదివరకే జరిగి ఉన్నవి. మెండలీవ్ వాటిని చదివి, లోపాలెంచి, తానే మళ్లీ మొదటినుంచి పని ఆరంభించాడు. సున్నంతో మద్యసారంలోని తేమను తీసివేసి, దానిని కొలత ప్రకారం నీటితో కలిపి, వేర్వేరు ఉష్ణోగ్రతలలో తూచాడు. ఈ శ్రమ ఫలితమే 1865లో ఆయన డాక్టరు పట్టానికి సమర్పించిన వ్యాసం.

ఇందులో విద్యార్థులు గమనింపవలసిన విశేషం ఒకటి ఉన్నది. 50 ఘనసెంటీమీటర్ల మద్యసారంలో 50 ఘనసెంటీమీటర్ల నీరు పోస్తే 100 రాదు. సుమారు 96 లేక 97 మాత్రమే వస్తుంది. పాత్రకూడ వెచ్చబడుతుంది. బరువు మాత్రం రవంతైనా తగ్గదు. మానికెడు శనగలలో మానికెడు ఆవాలు పోస్తే రెండు మానికలు నిండవు గదా! ఈ ఉపమానం కొంతవరకే పనికివస్తుంది. శనగలు, ఆవాలు కలిస్తే వేడి పుట్టదు. నీటి అణువులకు, మద్యసారపు అణువులకు నడుమ ఆకర్షణ ఉన్నదనీ, అదికూడ రసాయన సంయోగం వంటిదేననీ మెండలీవ్ భావించాడు. ఏ పాళ్లలో కలిపితే ఈ సంకోచం అత్యధికమవుతుందని వెదికాడు. నూరు పాళ్ల బరువులో మద్యసారం 46 పాళ్లున్నప్పుడు అని తేలింది. మద్యసారపు అణుభారం 46. మూడు నీటి అణువుల భారం 54. రెండూ కలిసి సరిగా నూరు. ఈ పొందికను చూచి ఆ యువకుడు ఎంత పరవశించాడో ఊహింపవచ్చు.

వోడ్కా కథ చెప్పేవారు ఈ లెక్క చూచినట్లు లేదు. బరువులో 46 పాళ్లంటే ఘనపరిమాణంలో సుమారు 54 పాళ్లు. సీసాపై ఉన్న నలభైకీ దీనికీ పొత్తు కుదరదు. ఆ వ్యాసంలో మద్యం రుచిని గురించి గాని, తాగడానికి తగిన పాళ్లను గురించి గాని ఆయన విచారించలేదు. ఆయన అంకెలను మాత్రం జర్మనీలో మద్యసారపు కొలతల పట్టికలు తయారు చేసినవారు తర్వాత ఆధారంగా గైకొన్నారు.

1869లో వెలువడిన ఆవర్తన పట్టిక పాఠ్యపుస్తకాలన్నింటిలో ఉన్నదే గనుక ఇక్కడ విస్తరించనక్కరలేదు. ఖాళీ గళ్లలో ఉండవలసిన మూలకాలకు పేర్లు పెట్టేటప్పుడు ఆయన సంస్కృతంలోని ఏక శబ్దాన్ని స్వీకరించి, ఏక అల్యూమినియం, ఏక బోరాన్, ఏక సిలికాన్ అన్నాడు. 1875లో ఫ్రాన్సులో గాలియం కనుగొన్నప్పుడు, దాని సాంద్రత 4.7 అని ప్రకటించారు. ఆ లోహాన్ని కంటితో చూడనైనా చూడని మెండలీవ్, అది 5.9 ఉండవలెనని తెలియపరచాడు. మళ్లీ శుద్ధిచేసి తూచగా ఆయన మాటే నెగ్గింది. తర్వాత 1879లో స్కాండియం, 1886లో జర్మేనియం బయటపడ్డవి.

ఇంత కీర్తి వచ్చినా ఆయన తన పాత ద్రావణాలను మరువలేదు. 1887లో జలద్రావణాల విశిష్ట గురుత్వాన్ని గురించి బృహద్గ్రంథం ప్రకటించాడు. అందులోకూడ మద్యసారానికి, నీటికి పెద్దపీటే. ద్రావణాలలో నిశ్చితమైన పాళ్లతో సంయోగాలు ఏర్పడుతవని ఆయన పట్టుదలగా వాదించాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు ఆ సిద్ధాంతాన్ని ఆ రూపంలో అంగీకరించలేదు. అణువుల నడుమ ఆకర్షణ నిజమే. హైడ్రోజన్ బంధాలని నేడు దానికి పేరు. కాని అవి నిలకడగా ఉండవు. క్షణక్షణం విడిపోతూ మళ్లీ కలుస్తూ ఉంటవి. ఆయన తూచిన తూకం నిలిచింది. దానిపై కట్టిన మేడ నిలువలేదు.

ఆ గ్రంథాన్ని మెండలీవ్ తల్లికి అంకితం చేశాడు. ఆమె కార్ఖానా నడుపుతూనే తనను పెంచిందనీ, ఉన్న ధనాన్నీ, ఒంట్లో మిగిలిన సత్తువనూ వెచ్చించి తనను సైబీరియా నుంచి తెచ్చి శాస్త్రానికి అప్పగించిందనీ అందులో స్మరించుకొన్నాడు. ఆమె పోయి అప్పటికి ముప్పదియేడు సంవత్సరాలు.

1890లో విద్యార్థులు అల్లరి చేసి తమ కోరికలు వ్రాసి ఇయ్యగా, ఆ విజ్ఞప్తిని ఆయన విద్యామంత్రికి అందజేశాడు. మంత్రి దానిని తిప్పి పంపాడు. మెండలీవ్ విశ్వవిద్యాలయపు ఉద్యోగం వదలుకొన్నాడు. మూడేండ్ల తర్వాత తూనికలు, కొలతల ప్రధాన కార్యాలయానికి అధిపతి అయ్యాడు. అది ఆర్థిక మంత్రిత్వశాఖ కిందిది. ఆ దశాబ్దంలోనే ఆ శాఖ మద్యం అమ్మకాలను ప్రభుత్వ గుత్తకు తీసుకొన్నది. మద్యసారంపై పాత వ్యాసం, కొత్త ఉద్యోగం, ప్రభుత్వపు వోడ్కా – ఈ మూడూ ఒకచోట చేరేసరికి జనం కథ అల్లుకొన్నారు కాబోలు. ఆయన మాత్రం ఆ కార్యాలయంలో త్రాసుల సూక్ష్మతను పెంచడంలోను, మెట్రిక్ పద్ధతికి దారి వేయడంలోను నిమగ్నుడై ఉన్నాడు. 1899 నాటి చట్టం ఆ పద్ధతిని ఐచ్ఛికంగా అనుమతించింది.

1907 ఫిబ్రవరి 2వ తేదీన, 73వ పుట్టినరోజుకు ఆరు దినాల ముందు, మెండలీవ్ మరణించాడు. అంతిమయాత్రలో విద్యార్థులు ఆవర్తన పట్టికను పెద్దదిగా వ్రాసి మోసుకొని నడిచారు. తల్లి సమాధి ఉన్న వోల్కొవో శ్మశానవాటికలోనే ఆయనను కూడ సమాధి చేశారు.