ఎల్.ఎం.ఎస్. పట్టా

అత్తిలికి చేరువనున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీజీ పిలుపు విని ఖద్దరు దాల్చెను. శస్త్రచికిత్సాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపయ్యెను. తక్కిన పాఠ్యవిషయములలో ప్రతిభ చూపినను, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కెను. సర్కారు వైద్యశాఖలో కొలువు దొరకలేదు. పట్టా చేతనుండియు రోగి నాడి పట్టు చోటు లేకపోయెను! ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు కాలము గడపెను. అప్పటికే స్ప్రూ అను గ్రహణివ్యాధి అతని సోదరులను బలిగొనియుండెను. మామగారి ధనసాయముతో, అమెరికాకు ఓడ యెక్కెను. బోస్టను నగరమున ఆసుపత్రి సేవకుడుగా పనిచేయుచు చదువు సాగించెను. 1945లో లెడర్లీ ప్రయోగశాలయందు అతని నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను పొట్టనబెట్టుకొన్న ఆ గ్రహణికి అదియే మందాయెను.