కవిబ్రహ్మ తిక్కన సోమయాజి

ఉదయగిరి, సీతారామపురము, ఆత్మకూరు ప్రాంతములు నెల్లూరు మండలమునకు పడమటనున్న మెట్టసీమలు. వెలిగొండల చెంతనున్న యీ భూములకు వానయే జీవనాధారము. వానలు వెనుదీసిన యేట విరాటపర్వమును పురాణముగా చదివించుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ పర్వమును తెనిగించిన మహనీయుడు నెల్లూరి రాజాస్థానమున మంత్రియైన తిక్కన సోమయాజియే.

తిక్కన 13వ శతాబ్దివాడు; గౌతమగోత్రుడు. తండ్రి కొమ్మన, తల్లి అన్నమ. తాతయైన మంత్రి భాస్కరుడును కవియే. ఆ కాలమున నెల్లూరునకు విక్రమసింహపురమని పేరు. అచ్చట తెలుగుచోడ ప్రభువైన మనుమసిద్ధి రాజ్యము చేయుచుండెను. తిక్కన ఆయనకు మంత్రియై, నిర్వచనోత్తర రామాయణమును రచించి ఆయనకే అంకితమిచ్చెను.

మంత్రిపదవి ఆయనకు సుఖశయ్య కాలేదు. అనావృష్టివలన మేత కఱవై యాదవవీరుడైన కాటమరాజు తన ఆలమందలను నెల్లూరి సీమకు తోలుకొనివచ్చెనని కథ. పుల్లరి విషయమున తగవు పుట్టి యుద్ధమాయెను. పాలేటియొడ్డున జరిగిన ఆ పోరులో తిక్కన జ్ఞాతిసోదరుడు, సేనానియునగు ఖడ్గతిక్కన నేలకొరిగెను. ఇరువైపుల వీరులును మడిసిరి. గడ్డికొఱకు పుట్టిన కలహము ఎన్నో యిండ్ల దీపముల నార్పివేసెను.

మనుమసిద్ధికి మఱియొక ఆపద వాటిల్లెను. అక్కన బయ్యనలు ఆయన సింహాసనము నపహరించిరి. అపుడు తిక్కన ఓరుగంటికేగి కాకతీయ గణపతిదేవుని దర్శించెను. ఆయన భారతార్థమును సభలో వినిపింపగా గణపతిదేవుడు ప్రీతుడై, సైన్యముతో తరలివచ్చి, మనుమసిద్ధిని మరల సింహాసనమున నిలిపెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. చేజాఱిన రాజ్యము పండితుని వాక్కు వలన తిరిగి లభించినది.

రాజ్యము నిలిచినను ప్రజల మనస్సులు కలియవలసియుండెను. శైవ వైష్ణవ వైరము నాడు ఆంధ్రదేశమును బాధించుచుండెను. పూర్వశతాబ్దిలో జరిగిన పలనాటి పోరు నెత్తుటి గుఱుతు లింకను ఆఱలేదు. ఇట్టి తరుణమున యజ్ఞము చేసి సోమయాజియైన తిక్కన భారతరచనకు పూనుకొనెను. రెండు శతాబ్దులకు పూర్వము నన్నయభట్టు ఆది సభాపర్వములను, అరణ్యపర్వమున కొంతభాగమును తెనిగించి విడిచియుండెను. తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను పూర్తిచేసెను.

ఆ మహాగ్రంథమును ఆయన ఏ రాజునకును అంకితమీయలేదు. తండ్రి స్వప్నమున కనిపించి హరిహరనాథుని ఆనతిని తెలిపినట్లు విరాటపర్వారంభమున చెప్పుకొని, ఆ స్వామికే సమర్పించెను. హరియు హరుడును ఒక్కమూర్తియైన ఆ దైవము ఎదుట విష్ణుభక్తుడును శివభక్తుడును ఒక్కచాపపై కూర్చుండి భారతము వినవచ్చును. తరువాతి కాలమున నాచన సోమనయు తన ఉత్తరహరివంశమును ఆ స్వామికే అంకితమిచ్చెను.

విరాటపర్వము కష్టకాలము దాటినవారి కథ. రాజ్యము కోల్పోయిన పాండవులు పరులయింట సేవకులై యొక్కయేడు గడపి, చివరకు తమ రూపములతో వెలికివచ్చిరి. గోవులను పట్టుకొనిపోయిన కౌరవసేన నెదిర్చి అర్జునుడు మందలను మరలించిన ఘట్టము నిందే కలదు. ధర్మరాజు నివసించుచోట సకాలమున వానలు కురియునని, పాడిపంటలు వృద్ధినొందునని భీష్ముడు కౌరవులకు తెలుపుటయు నిందే. వానకై యీ పర్వమును చదివించు ఆచారమున కదియే మూలమని పెద్దలు చెప్పుదురు. మందలను పోగొట్టుకొన్నవారికి, వానకై కన్నులు కాయలు గాచినవారికి యీ కథ పరాయిది కాదు.

పురాణకాలక్షేపమున నొకరు పద్యము చదువుదురు, మఱియొకరు అర్థము చెప్పుదురు. అక్షరము రానివాడును వినును. పగటివేళ గట్టుతగవులాడినవారు రాత్రి ఒక్కదీపము చుట్టును చేరుదురు. వాన కురియుట భగవదధీనము. కలిసి కూర్చుండుట మన యధీనము. ఏడువందల యేండ్లకు పూర్వము తిక్కన సోమయాజి తెలుగువారి కిచ్చిన ఆ చాపను మడిచి దాచక, గుడిమంటపమున మరల పఱచుటయే ఆయనకు మనము చేయదగిన కైంకర్యము.