ఆయుధము నుండి ఓటు వరకు – మఖ్దూం మొహియుద్దీన్

చిక్కడపల్లి నుండి నారాయణగూడ మీదుగా హిమాయత్‌నగర్ వెళ్ళే మనము మఖ్దూం భవన్ అను పేరును ఎన్నోమారులు చూచియుంటాము. ఆ పేరుగల మహనీయుడు గొప్ప ఉర్దూ కవి అని మనకు తెలుసు. ఆయుధము పట్టుడని ప్రజలకు పిలుపునిచ్చిన ఆయనే, అయిదేండ్లయినా గడవకముందే ఓటు కోరి వారి ముందు నిలిచిన సంగతి మాత్రము మనలో కొందరికే తెలుసు.

మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4న మెదక్ ప్రాంతములోని అందోలులో జన్మించారు. బాల్యముననే తండ్రి మరణించగా, తండ్రి సోదరుడు బషీరుద్దీన్ పెంచి పెద్దచేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదివి, సిటీ కాలేజీలో అధ్యాపకులైనారు. 1941లో ఆ ఉద్యోగము వదలి కార్మికోద్యమములో ప్రవేశించారు. 1944లో ఆయన తొలి కవితాసంపుటి ‘సుర్ఖ్ సవేరా’ వెలువడినది.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిగార్లతో కలిసి ఆయన నిజాం ప్రభుత్వముపై సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశించి నిజాం లొంగిపోయిన పిదప కూడా పోరు ఆగలేదు. దళములు ఒకవైపు, ప్రభుత్వ సైన్యము మరొకవైపు నిలిచాయి. 1951లో మఖ్దూం అరెస్టయ్యారు. ఆ సంవత్సరము అక్టోబరులో పార్టీ పోరాటమును విరమించినది.

అమెరికా అంతర్యుద్ధములో, 1864లో, అనేక ఉత్తర రాష్ట్రముల సైనికులు యుద్ధభూమినుండియే ఓటు వేశారు. మన తెలంగాణములో వరుస వేరు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము సైనికునికి తపాలా ఓటు కల్పించినది. విచారణ లేక ముందుజాగ్రత్త నిర్బంధములో ఉన్నవానికి కూడా ఆ మార్గముండెను. శిక్షపడిన ఖైదీకి ఓటు లేదు. అడవిలోనున్న దళసభ్యునికి తపాలా లేదు. ఓటు వేయవలెనన్న, తుపాకి వదలి పదిమందిలో వరుసన నిలువవలసినదే.

హైదరాబాదు రాష్ట్రములో కమ్యూనిస్టు పార్టీపై నిషేధముండుటచే అభ్యర్థులు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేర పోటీచేశారు. నాడు అభ్యర్థికొక పెట్టె. చదువురానివారు గుర్తును చూచి ఓటు వేసేవారు. 175 స్థానములు గల శాసనసభలో ఫ్రంటుకు 42 లభించాయి. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గములో రావి నారాయణరెడ్డిగారు 3,09,162 ఓట్లతో లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూగారిని మించిన ఓట్లు పొందారు. మఖ్దూం నగరములో ఓడిపోయినా, 1952లోనే హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచారు. 1948 నాటి గాయములు మానని కాలమది. అట్టి వేళ తెలుగు పల్లెల రైతుకూలీలు ఒక ముస్లిం కవిని తమవానిగా ఎన్నుకొన్నారు. ఇది ఆయన జీవితములోని గొప్ప విజయమని మా అభిప్రాయము.

తరువాత ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో ప్రతిపక్ష నాయకులుగా కార్మికుల గొంతు వినిపించారు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. ‘బిసాతె రఖ్స్’ అను సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది ఆ సంవత్సరమే.

నాడు ఇరువదియొక్క ఏండ్లు నిండినవారికే ఓటు ఉండెను. 1989 నుండి పదునెనిమిదేండ్లకే లభించుచున్నది. మన కళాశాలలో తొలిసారి ఆ హక్కు పొందే సోదర సోదరీమణులు, ఎందరో ప్రాణములొడ్డిన పిమ్మట ఆ కాగితపు ముక్క ఈ గడ్డమీదికి వచ్చినదని గ్రహింతురుగాక. ఉర్దూ మాటాడినా, తెలుగు మాటాడినా, ఆ వరుసలో మనమందరము ఒక్కటే.